పేజీలు తిప్పిన ఐలి కోస్కెలా ఆఖరి పంపకాలు

మిన్నెసోటా రాష్ట్రం, ఆల్డర్ హార్బర్ ఊరు, కొండ వీధి, పద్నాలుగో నంబరు ఇంట్లో ఉంటున్న ఐలి మార్యా కోస్కెలా అనే నేను, కీర్తిశేషుడు ఆర్వో కోస్కెలా భార్యను, వయసు ఎనభై మూడు, నా తదనంతరం జరగవలసిన పంపకాలను నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా, ఇందులో రాయిస్తున్నాను. నా బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. గుండె సంగతి అడిగితే మాత్రం ఆయన కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. మంచు పడేదాకా ఉంటానో లేదో తను చెప్పలేనన్నాడు. నా బుద్ధికి ఇంకో రుజువు కావాలంటే ఇదిగో: ఆదివారం కచేరీల సంఘం సమావేశాలకు యాభై ఏళ్ళు వెళ్ళి కూడా నేను ఎవరినీ కొట్టలేదు.

లోగడ నేను రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. మొదటిదాంట్లో సర్వం ఆర్వోకి రాశాను. ఆయన నాకంటే ముందే పోయాడు, ఏ పనికైనా ఆలస్యంగా వచ్చే మనిషి ఆ ఒక్కదానికీ తొందరపడ్డాడు. రెండోదాంట్లో చర్చి హాల్లో ఉన్న నా పియానోను ఏ షరతులూ లేకుండా కచేరీల సంఘానికి రాశాను. అప్పటికి డ్వైట్ పెండర్‌గాస్ట్ అధ్యక్షుడు కాలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా ఆడబిడ్డ కూతురు టైనాకు అప్పగిస్తున్నాను. ఆమె పోస్టాఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది కాబట్టి, ఎవరికి చేరవలసింది వాళ్ళకు చేర్చడం ఆమెకు కొత్త కాదు. "నాకెందుకత్తా ఈ గొడవ, ఊళ్ళో అందరితోనూ తిట్లు తినాలి" అని మొదట మొరాయించింది. తిట్లు నాకు, ఇల్లు నీకు అన్నాను. ఒప్పుకుంది.

2. పైన చెప్పిన ఇల్లు, అందులోని సామాను, వెనక ఉన్న ఆవిరి స్నానాల గది, కట్టెల పాకతో సహా టైనాకు సర్వహక్కులతో చెందుతుంది. ఆవిరి గదిని సామాన్ల కొట్టు చేస్తే మాత్రం నా ఆత్మ శాంతించదు. ఆర్వో దాన్ని తన చేతులతో కట్టాడు. తలుపు సరిగ్గా పడదు, మార్చవద్దు, భుజంతో ఒక్కటి ఇస్తే పడుతుంది.

3. మంచు తోసే బండి నడిపే గస్ ల్యూమాకు ఆర్వో బొచ్చుటోపీ, దానితో పాటు కచేరీలు జరిగే చర్చి హాల్లో నాలుగో వరుసలో మా ఇద్దరి పేరున ఉన్న రెండు కుర్చీలూ ఇస్తున్నాను. గస్ ముప్పై అయిదేళ్ళ క్రితం చర్చి ముందు మంచు తోస్తూ, వేడి కాఫీ ఉందేమోనని లోపలికొచ్చి, కచేరీ అంతా విని పోయాడు. అప్పటినుంచి ఒక్క ఆదివారం మానలేదు. ఒక సంగీత రచనలో నాలుగు భాగాలుంటే నాలుగింటి తర్వాతా చప్పట్లు కొడతాడు. తెలిసినవాళ్ళు ఆఖరి భాగం దాకా చేతులు కట్టుకు కూర్చోవాలని మా ఊళ్ళో ఆనవాయితీ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఒక్క గస్ కోసం సంఘంవారు ప్రతి కార్యక్రమం కాగితం మీదా "భాగాల మధ్య కరతాళధ్వనులు చేయవద్దని మనవి" అని అచ్చు వేయిస్తారు. గస్ ఆ కాగితాన్ని మడిచి బూటు కింద తడి తుడుచుకుంటాడు. ఆ కుర్చీలో కూర్చుని నీకు నచ్చినప్పుడల్లా కొట్టు గస్. పక్క కుర్చీలో ఆర్వో ముప్పై ఏళ్ళు నిద్రపోయాడు, నీ చప్పట్లకే లేచేవాడు. ఆయన తరఫున కూడా ఇది కృతజ్ఞత.

4. శ్రీమతి ఫిలిస్ ఆంకర్‌మన్‌కు నా రేకు డబ్బా నిండా దగ్గు బిళ్ళలు, అన్నీ ముందే కాగితాలు విప్పినవి. నెమ్మదిగా విప్పితే చప్పుడు రాదని ఆమె నమ్మకం. అందుకని అతి నెమ్మదిగా వాయించే చోటే ఎంచుకుని, అయిదు నిమిషాల పాటు ఒక్క కాగితం విప్పుతుంది. ఇంటికెళ్ళాక ఎవరు దగ్గారో, ఎవరు తుమ్మారో ఊరంతటికీ ఫోన్ చేసి చెబుతుంది. నోట్లో నువ్వుగింజ నానదు, దగ్గుబిళ్ళ మాత్రం గంటసేపు నానుతుంది.

5. ఇక డ్వైట్ పెండర్‌గాస్ట్. పళ్ళ డాక్టరుగా రిటైరయ్యాడు, సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షుడు. ఆయనకు నా రబ్బరు ఇస్తున్నాను. గులాబీ రంగుది, పెన్సిలు గీతలు చెరపడానికి పనికొస్తుంది. ఎందుకిస్తున్నానో చెబుతాను.

గత నెల డ్వైట్ పూలగుత్తి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వచ్చే నవంబరు పదో తేదీ ఆదివారం మా కచేరీలకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. షికాగో నుంచి నలుగురు తీగవాద్యాలవాళ్ళు, ఒక పియానో అమ్మాయి వస్తున్నారట. మరి ఆమె పక్కన కూర్చుని స్వరాల పుస్తకం పేజీలు తిప్పడానికి, ఎప్పటిలాగే, నేను ఎన్నింటికి రావాలని అడిగాను. "ఆ శ్రమ మీకు లేదండీ ఐలి గారూ. ఆ అమ్మాయి పలక లాంటి తెర మీద చూసి వాయిస్తుంది. కాలితో ఒక్క నొక్కు నొక్కితే పేజీ అదే తిరిగిపోతుంది. మీరు ముందు వరుసలో కూర్చోండి. మీ పేరు పిలవగానే లేచి నిలబడితే చాలు," అన్నాడు. లేచి నిలబడటమే నాయనా నేను యాభై ఏళ్ళుగా చేస్తున్నది అన్నాను. ఆయన నవ్వాడు. పళ్ళ డాక్టర్లు పన్ను పీకేముందు అలాగే నవ్వుతారు.

పోతూ పోతూ ఆ రోజు అందరికీ పంచబోయే పుస్తకం అచ్చుప్రతి ఇచ్చాడు, తప్పులుంటే చూసిపెట్టమని. "యాభై ఆదివారపు వసంతాలు" అని పేరు. కచేరీలన్నీ మంచులోనే జరుగుతాయి, వసంతం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. నలభై పేజీల్లో డ్వైట్ ఫోటోలు తొమ్మిది. నా పియానోను "సంఘం వారి పియానో" అని రాశాడు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. అదీ ఓర్చుకున్నాను. పదిహేడో పేజీ మూడో వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. అక్కడ ఇలా ఉంది: "ఇరవయ్యో వార్షికోత్సవంలో స్థానిక పియానో కళాకారిణి జ్ఞాపకం తప్పడం వల్ల కలిగిన చిన్న అంతరాయం తర్వాత, సంఘం తన ప్రమాణాలను పెంచుకుంది."

ఆ స్థానిక కళాకారిణి పేరు రాగ్నా హెల్గెసన్. ఈ కచేరీలు మొదలుపెట్టింది ఆమే, నేనూ. ఆ పుస్తకంలో ఆమె ప్రస్తావన అదొక్కటే, అందులోనూ పేరు లేదు. ఆ వాక్యం అబద్ధం. అబద్ధమని ఈ ఊళ్ళో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అచ్చయి మూడు వందల ఇళ్ళకు చేరితే అదే చరిత్ర అయి కూర్చుంటుంది, నేను పోయాక దాన్ని కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు. ఈ వీలునామా రాయడానికి అసలు కారణం ఇదే. ఇల్లూ టోపీలూ దగ్గుబిళ్ళలూ దారిలో తగిలాయి.

6. ఇది పంపకం కాదు. వీలునామాలో ఇలాంటివి రాయకూడదని లాయరు బెవర్లీ స్టూబెన్ రెండుసార్లు చెప్పింది. రాయకూడనివి రాయకుండానే ముప్పై ఏళ్ళు గడిపానమ్మా, ఇప్పుడు రాయి అన్నాను.

1974లో నేనూ రాగ్నా ఈ కచేరీలు మొదలుపెట్టినప్పుడు వినడానికి పదకొండు మంది వచ్చారు, అందులో నలుగురు చలికాచుకోవడానికి. మా పిన్ని నాకు వదిలిన డబ్బుతో పియానో కొన్నాను. అది మా గుమ్మంలోంచి పట్టలేదు. కొలవకుండా కొన్నానని ఆర్వో నెల రోజులు నవ్వాడు. అందుకని చర్చి హాల్లో పెట్టించాం. దాన్ని వాయించడం రాగ్నా వంతు, పేజీలు తిప్పడం నా వంతు. నాకు కాగితం మీది స్వరాలు చదవడం వచ్చు గాని వేళ్ళు మాట వినవు.

పేజీ తిప్పేవాళ్ళకు కొన్ని నియమాలున్నాయి. గాజులు వద్దు, సెంటు వద్దు, దగ్గు వద్దు. వాయించేవాళ్ళకు ఎడమ పక్కన కూర్చుని, సమయానికి లేచి, ఎడమచేత్తో కాగితం పైమూల పట్టుకుని, వాళ్ళు తల ఊపగానే తిప్పాలి. నువ్వున్నట్టు ఎవరికీ తెలియకూడదు. పేజీ తిప్పేదాన్ని తప్పు చేసినప్పుడే జనం చూస్తారని అంటారు. నన్ను తప్పు చేసినప్పుడు కూడా చూడలేదు.

1994 నవంబరు పదమూడు. ఇరవయ్యో వార్షికోత్సవం. హాలు కిటకిటలాడింది. పియానో, నాలుగు తీగవాద్యాలు కలిసి వాయించే పెద్ద రచన. పియానో దగ్గర రాగ్నా, మిగతా నలుగురూ మినియాపొలిస్ నుంచి వచ్చినవాళ్ళు. ఆ రచన మొదటి భాగంలో ఒకచోట నిలువు గీత పక్కన రెండు చుక్కల గుర్తు ఉంటుంది. అక్కడినుంచి మళ్ళీ మొదటికి వెళ్ళి అంతవరకూ ఇంకోసారి వాయించవచ్చు, లేదా తిన్నగా ముందుకు పోవచ్చు. ఏది చేయాలో ముందే మాట్లాడుకోవాలి. వారమంతా వెనక్కి వెళ్ళే సాధన చేశారు. ఆ రోజు పొద్దున మంచుతుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. పై ఊరినుంచి వచ్చినవాళ్ళు చీకటి పడకముందే బయల్దేరాలి కాబట్టి, ఇవాళ వెనక్కి వెళ్ళవద్దు, ముందుకే పోదాం అనుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను. తల కూడా ఊపాను. మనసు మాత్రం కింద వంటగదిలో పొయ్యిలో ఉన్న యాలకుల రొట్టె మీద ఉంది.

రెండు చుక్కలు వచ్చాయి. వారం రోజుల అలవాటు కొద్దీ నా చెయ్యి నాలుగు కాగితాలు పట్టుకుని వెనక్కి తిప్పేసింది. రాగ్నా కళ్ళు పేజీ మీద ఉన్నాయి, వేళ్ళు కళ్ళ వెంట పోయాయి. నలుగురు ముందుకి, ఒకామె వెనక్కి. పది క్షణాల పాటు గోడ మీద పిల్లులు కొట్టుకున్నట్టు వినిపించింది. తర్వాత ఒక్కొక్కరే ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో గస్ ల్యూమా చప్పట్లు కొట్టాడు, భాగం అయిపోయిందనుకుని. జనం నవ్వారు. అది వెక్కిరింత కాదు రాగ్నా. ఆ రోజు ఆ హాల్లో నీకు మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది ఆ ఒక్కడే.

రాగ్నా లేచి జనం వైపు తిరిగి, "క్షమించండి, నేను మరిచిపోయాను," అంది. నా వైపు చూడలేదు. నేను ఒడిలో చేతులు పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మళ్ళీ మొదలుపెట్టారు. చివరిదాకా ఆమె ఎంతో బాగా వాయించింది, కాని ఎవరూ వినలేదు. మళ్ళీ ఎక్కడ తప్పుతుందా అని చూస్తూ కూర్చున్నారు.

తర్వాత కింద కాఫీల దగ్గర అందరూ నా భుజం తట్టారు. పక్కనే కూర్చుని ఎంత హడలిపోయావో పాపం అన్నారు. ఆ జాలిని నేను తీసుకున్నాను. రొట్టె ముక్కలు కోసి పంచుతూ తీసుకున్నాను. రొట్టె అడుగున మాడింది, దానికి మాత్రం తప్పు నాదేనని చెప్పాను.

రెండు వారాలకు సంఘం సమావేశమైంది. ఇకమీదట పియానో వాయించేవాళ్ళను బయటినుంచి పిలుద్దామని ప్రతిపాదించింది అప్పుడే కొత్తగా చేరిన పళ్ళ డాక్టరు, డ్వైట్. ఆమె మీద గౌరవంతోనే అంటున్నానన్నాడు. అయిదు చేతులు లేచాయి. నాలుగోది నాది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని చెయ్యి ఎత్తేశాను.

ఆ తర్వాత రాగ్నా జనం ముందు పియానో ముట్టుకోలేదు. పక్కవీధి ఇంట్లో పిల్లలకు స్వరాలు నేర్పుకుంటూ ఉండిపోయింది. ఆమె చోట వేరేవాళ్ళు వాయించిన ప్రతి కచేరీలోనూ నేను తలొంచుకుని పేజీలు తిప్పాను. కొట్లో ఎదురుపడితే మాట్లాడుకుంటాం. ముప్పై ఏళ్ళుగా మేమిద్దరం మంచు గురించి మాట్లాడుకుంటున్నాం. మా ఊళ్ళో మంచుకు కొదవ లేదు కాబట్టి గడిచిపోయింది. ఎన్నోసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్ళి, రొట్టె ఇచ్చి వచ్చాను. రొట్టె ఇవ్వడం సులువు. నాకు సిగ్గుగా ఉంది. మొదటి రోజు చెప్పి ఉంటే నవ్వుకునేవాళ్ళం. మూడో వారానికి అది నేరమైంది. పదేళ్ళకు నా ఒంట్లో ఒక భాగమైంది.

రాగ్నా హెల్గెసన్ ఏమీ మరిచిపోలేదు. పేజీ వెనక్కి తిప్పింది నేను. ఇది నిజం.

7. (కొట్టివేయడమైనది.) ఈ అంశం మీద అడ్డంగా పెన్సిలు గీత ఉంటుంది. కింద ఏముందో చదవలేనివాళ్ళ కోసం చెబుతున్నాను: చర్చి హాల్లో ఉన్న నా పియానోను రాగ్నా హెల్గెసన్‌కు సర్వహక్కులతో ఇస్తున్నానని రాయించాను. దాన్ని తాకాలంటే డ్వైట్ ఆమె ఇంటి గంట కొట్టి అడగాలి, అది తలుచుకుంటేనే నాకు చలికాలం హాయిగా గడిచేది.

సంతకానికి ముందు, ఇవాళ మధ్యాహ్నం, రాగ్నాను మా ఇంటికి పిలిపించాను. చచ్చాక చదివించడం ఇంకో రకం పిరికితనమని బెవర్లీ మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఆరో అంశం నేనే పైకి చదివాను. రాగ్నా కోటు విప్పకుండా, వంటింటి బల్ల దగ్గర కూర్చుని వింది. ఏడోది కూడా చదివాను. ఆమె, "పియానో నాకెందుకే? మా గుమ్మంలోనూ పట్టదు," అంది. ఈ కాగితానికి సాక్షి సంతకాలు ఎవరు పెడతారని బెవర్లీని అడిగింది. తానూ, తన గుమాస్తా అని బెవర్లీ చెప్పింది. నేను పెడతానంది రాగ్నా. వీలునామాలో వాటా వచ్చేవాళ్ళు సాక్షిగా ఉండకూడదమ్మా అని బెవర్లీ నచ్చజెప్పబోయింది.

"అయితే నా వాటా కొట్టెయ్యండి," అని రాగ్నా నా పెన్సిలు తీసుకుని తనే గీత కొట్టింది. ముప్పై ఏళ్ళు పిల్లల పుస్తకాలు దిద్దిన చెయ్యి కదా, గీత తిన్నగా వచ్చింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. కాఫీ మాత్రం ఇంకో కప్పు పోయమంది.

8. కనుక పై పియానో ఈ కింది షరతుల మీద ఆదివారం కచేరీల సంఘానికి చెందుతుంది. పదిహేడో పేజీ మూడో వాక్యం తీసేసి, ఆ చోట రాగ్నా హెల్గెసన్ పేరు పూర్తిగా అచ్చు వేయించాలి. డ్వైట్, రబ్బరు అందుకే. నవంబరు పదిన మొదటి స్వరం పలకకముందే ఆరో అంశాన్ని వేదిక మీద, ఒక్క ముక్క వదలకుండా చదవాలి. నేను బతికుంటే నేనే చదువుతాను, లేకపోతే డ్వైట్ చదవాలి, తన ప్రతిపాదన ఉన్న చోట గొంతు తగ్గించకుండా. ఆ రోజు మొదటి భాగం రాగ్నా వాయిస్తుంది, కాగితం మీద చూసి. మిగతా భాగాలు షికాగో అమ్మాయి తన కాలితో తొక్కుకోవచ్చు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పియానో గస్ ల్యూమాకు పోతుంది. ఆయన గ్యారేజీ తలుపు మంచుబండి పట్టేంత వెడల్పు, ఈసారి ఫోన్ చేసి కొలిపించాను.

రాగ్నా వాయించడానికి ఎలా ఒప్పుకుందో కూడా రాయాలి. అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే ఆ రెండో కప్పు కాఫీ తాగుతూ అంది: "మొదటి భాగం వాయిస్తాను. రెండు చుక్కల దగ్గర ఈసారి వెనక్కే వెళ్దాం. నువ్వు నీ అలవాటు ప్రకారం తిప్పు."

ఆ రోజుకి నేను లేకపోతే టైనా తిప్పాలి. ఇవాళ్టి నుంచే నేర్పుతున్నాను. గాజులు తీసెయ్యమంటే ఇప్పటికే సణుగుతోంది.

9. నా అంత్యక్రియల్లో సంగీతం వద్దు. ఎవరో ఒకరు దగ్గుతారు. కాఫీ, యాలకుల రొట్టె చాలు. రొట్టె పొయ్యిలో ఉన్నంతసేపు ఒక మనిషి అక్కడే నిలబడి ఉండాలి, ఇంకే పనీ చేయకుండా.

పై తొమ్మిది అంశాలూ నాకు చదివి వినిపించారు. కొట్టేసినది కొట్టేసినట్టుగా, మిగిలినది మిగిలినట్టుగా సరిగ్గా ఉన్నదని ఒప్పుకుని, నా వంటింటి బల్ల దగ్గర, 2024 అక్టోబరు 9, బుధవారం నాడు నా చేత్తో సంతకం చేశాను.

(సంతకం) ఐలి మార్యా కోస్కెలా

సాక్షులు:

1. బెవర్లీ స్టూబెన్, లాయరు. ఆరో అంశం నా సలహాకు విరుద్ధంగా చేర్చబడింది.

2. రాగ్నా హెల్గెసన్, పియానో టీచరు. ఈ వీలునామా వల్ల నాకు ఏమీ రాదు. పేజీ ఎవరు వెనక్కి తిప్పారో నేను ఆ రోజే చూశాను. తనే చెబుతుందని ఇన్నాళ్ళూ ఆగాను.